స్కాట్లండ్ రైతు పూర్వీకుల జాడ: జనాభా లెక్కల నుంచి పాత పారిష్ రిజిస్టర్ల దాకా

స్కాట్లండ్‌లో పొలం పని చేసుకుని బతికిన ముత్తాతల జాడ తీయాలనుకునేవాళ్ళు సాధారణంగా మొదటి రోజే ఒక పొరపాటు చేస్తారు. ఇంటిపేరు పట్టుకుని తిన్నగా పాత చర్చి రిజిస్టర్లలోకి దూకుతారు. అక్కడ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఒక్కో పారిష్‌లో, అంటే ఒక చర్చి కింద వచ్చే ప్రాంతంలో, అరడజను మంది కనిపిస్తారు. నచ్చిన ఒకరిని ఎంచుకుని పైకి వంశవృక్షం గీసేస్తారు. అయిదు తరాలు పోయాక తెలుస్తుంది, గీసింది ఎవరి చెట్టో అని.

పొలం మనుషుల విషయంలో ఇంటిపేరు కన్నా నమ్మదగినవి రెండున్నాయి: పొలం పేరు, పుట్టిన పారిష్. ఈ పద్ధతి మొత్తం ఆ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

## 1. వెతకడానికి ముందు

ప్రధానమైన చోటు స్కాట్లండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు. సూచికలో వెతకడం ఉచితం. అసలు పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. జనన, వివాహ, మరణ పత్రానికి, పారిష్ పేజీకి, జనాభా లెక్కల పేజీకి ఆరేసి క్రెడిట్లు. వాల్యుయేషన్ రోల్‌కు (భూస్వామి, కౌలుదారు, అద్దె రాసిన చిట్టాకు) రెండు, వీలునామాకు పది. కొనే ముందు ఆనాటి ధరలు ఒకసారి సరిచూసుకోండి.

క్రెడిట్లు వృథా కాకుండా ముందు ఉచిత సూచికల్లో తిరగండి. ఫ్యామిలీసెర్చ్‌లో పారిష్ బాప్తిస్మాల, పెళ్ళిళ్ళ సూచిక ఉంది. ఫ్రీసెన్‌లో కొన్ని కౌంటీల (మన జిల్లాల లాంటివి) జనాభా లెక్కలు టైపు చేసి పెట్టారు. అభ్యర్థులను అక్కడ వడకట్టి, అసలు బొమ్మ మాత్రం స్కాట్లండ్స్‌పీపుల్‌లో కొనండి. సూచికను చూసి ఎప్పుడూ నిర్ధారణకు రావద్దు. పొలం పేరు, సాక్షుల పేర్లు ఎక్కువగా బొమ్మలోనే ఉంటాయి.

మొదలుపెట్టే ముందు కాగితం మీద ఉండాల్సినవి:

- తెలిసిన చివరి మనిషి పూర్తి పేరు, చనిపోయిన ఏడాది (అయిదేళ్ళు అటూ ఇటూ అయినా సరే)
- భార్య పుట్టింటి ఇంటిపేరు
- కౌంటీ పేరు, తెలిస్తే పారిష్ పేరు
- పిల్లలందరి పేర్లు, వరసలో
- బైబిలు లోపలి అట్ట మీద, సమాధి రాయి మీద, ఉత్తరాల్లో కనిపించే ఏ పొలం పేరైనా, ఎంత వంకర స్పెల్లింగులో ఉన్నా ఉన్నదున్నట్టుగా

ఇంటి నుంచి చూడాలంటే జనన పత్రాలకు 100 ఏళ్ళు, వివాహ పత్రాలకు 75, మరణ పత్రాలకు 50 ఏళ్ళు నిండి ఉండాలి.

## 2. 1855 గట్టు

స్కాట్లండ్‌లో ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందువి చర్చి రిజిస్టర్లు. ఈ గట్టు దాటే ముందు ఇవతలి వైపు దొరికేదంతా ఏరుకోవాలి, ఎందుకంటే ఇవతలి పత్రాలు చెప్పే సంగతులు అవతల దొరకవు.

మొదట మరణ పత్రం తీయండి. స్కాట్లండ్ మరణ పత్రంలో చనిపోయినవారి తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. 1860లో ఎనభై ఏళ్ళ ముసలాయన పోతే, ఆయన పత్రం 1780 ప్రాంతంలో పుట్టిన మనిషి తల్లిదండ్రుల పేర్లు మీ చేతిలో పెడుతుంది. 1855 దాటి బతికిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరి మరణ పత్రాలూ తీయడం ఖర్చులా కనిపిస్తుంది గానీ, అంత చవకైన ఆధారం ఇంకొకటి లేదు.

పత్రంలో కబురిచ్చిన మనిషి ఎవరో తప్పక చూడండి. కొడుకు చెబితే తాత పేరు సరిగ్గా ఉండే అవకాశం ఎక్కువ. పక్కింటాయన చెబితే తల్లి పేరు తప్పు కావచ్చు, అత్తగారి పేరు అమ్మగారి పేరై కూర్చోవచ్చు. రెండు పత్రాలు ఒకే మాట చెప్పే దాకా పెన్సిలుతోనే రాసుకోండి.

తర్వాత వివాహ పత్రం. వధూవరుల ఇద్దరి తల్లిదండ్రులూ, ఇద్దరు తల్లుల పుట్టింటి ఇంటిపేర్లూ అందులో ఉంటాయి. ఇంగ్లండ్ పత్రంలో ఆ రోజుల్లో తండ్రి పేరు మాత్రమే రాసేవారు. ఇంగ్లండ్ కోసం రాసిన సలహాలు ఇక్కడ కాలు లాగేది ఇలాంటి చోటే.

1855 ఒక్క ఏడాది పత్రాలు ప్రత్యేకం. ఆ ఏడు జనన పత్రంలో తల్లిదండ్రుల వయసులు, వాళ్ళు పుట్టిన ఊళ్ళు, పెళ్ళి ఎప్పుడు ఎక్కడ అయింది, అంతకు ముందు పిల్లలెందరు అన్నది కూడా రాశారు. మరణ పత్రంలో పుట్టిన చోటు, పిల్లల పేర్లు, వయసులు ఉంటాయి. అంత రాయడం గుమస్తాల వల్ల కాలేదు. మరుసటి ఏడాది గడులు తగ్గించారు. 1856 నుంచి 1860 దాకా జనన పత్రంలో తల్లిదండ్రుల పెళ్ళి తేదీ కూడా ఉండదు, 1861లో మళ్ళీ చేర్చారు. కాబట్టి మీ నేరు పూర్వీకుడే కానక్కరలేదు, ఆ కుటుంబంలో ఎవరికైనా 1855లో పుట్టుకో, పెళ్ళో, చావో జరిగిందేమో వెతకండి.

పత్రం అంచున చిన్న గమనిక కనిపిస్తే వదలకండి. అది దిద్దుబాట్ల రిజిస్టరుకు దారి. పెళ్ళి కాని తల్లికి పుట్టిన బిడ్డ తండ్రి ఎవరో షెరిఫ్ కోర్టు తేల్చిన సంగతి ఆ దిద్దుబాటులోనే దొరుకుతుంది.

## 3. జనాభా లెక్కల్లో ఒక్కో మెట్టు వెనక్కి

1841 నుంచి 1921 దాకా ప్రతి పదేళ్ళకూ లెక్కలు చూడొచ్చు. కొత్త దాని నుంచి పాత దానికి వెళ్ళండి, మధ్యలో మెట్టు దాటేయకండి.

1851 నుంచి ఇంటి యజమానితో బంధుత్వం, పుట్టిన పారిష్, కౌంటీ ఉంటాయి. కౌలు రైతు అయితే ఎన్ని ఎకరాలు, ఎందరు కూలీలు అన్నదీ వృత్తి గడిలో కనిపిస్తుంది. ఆ ఎకరాల అంకె బంగారం. ఒకే పేరున్న ఇద్దరు రైతులను విడదీయడానికి, వరస లెక్కల్లో ఒకే పొలమని తేల్చడానికి పనికొస్తుంది. 1861 నుంచి కిటికీలున్న గదులెన్నో రాశారు. ఒక్క గది అని ఉంటే అది రైతు ఇల్లు కాదు, పనివాళ్ళ ఇల్లు అయ్యుంటుంది.

1841 లెక్కలు వేరే తీరు. పదిహేను దాటిన వయసును కింది అయిదుకు దించి రాయమన్నారు. అంటే 35 అని ఉంటే 35 నుంచి 39 దాకా ఎంతైనా కావచ్చు. కొందరు గణకులు ఈ మాట పట్టించుకోకుండా అసలు వయసే వేశారు. బంధుత్వం గడి లేదు. ఒకే ఇంట్లో ఉన్న ఆడమనిషి భార్యో, చెల్లెలో, పనిమనిషో మీరు ఊహించకూడదు. పుట్టిన చోటు కింద ఆ కౌంటీయా కాదా అన్నదే ఉంటుంది. ఫైఫ్‌లో కర్కాల్డీ, కూపర్ వంటి కొన్ని పారిష్‌ల 1841 పుస్తకాలు పోయాయి. అక్కడ దొరకలేదని తల పట్టుకోవద్దు.

ప్రతి లెక్క నుంచి రాసుకోవాల్సినవి:

- పారిష్ పేరు, దాని రిజిస్ట్రేషన్ నంబరు, పేజీ
- ఇల్లు లేదా పొలం పేరు, ముందు వెనక ఇళ్ళ పేర్లు కూడా
- ప్రతి బిడ్డ పుట్టిన పారిష్, విడివిడిగా
- ఇంట్లో ఉన్న బయటి మనుషులు, ముఖ్యంగా ముసలివాళ్ళు, వేరే ఇంటిపేరున్న మనవలు

## 4. పారిష్‌లు మారే కుటుంబం

పెళ్ళయిన పాలేరును ఏడాదికి, పెళ్ళికాని కుర్రాణ్ణి ఆరు నెలలకు కుదుర్చుకోవడం అక్కడి వాడుక. కుదుర్చుకునే రోజులు రెండు: మేలో విట్సన్, నవంబరులో మార్టిన్‌మస్. లెక్క ప్రకారం మే 15, నవంబరు 11. తర్వాతి కాలంలో రెండు నెలల్లోనూ 28కి జరిగాయి. మన పాలేళ్ళు ఏడాది జీతానికి కుదిరి, గిట్టకపోతే మరో కామందు దగ్గరికి పోయినట్టే. తేడా అల్లా అక్కడ కుటుంబం మొత్తం బండెక్కి ఇల్లు మారేది, ఎందుకంటే ఇల్లు కొలువుతో వచ్చేది, కొలువుతో పోయేది.

దీని ఫలితం రికార్డుల్లో ఎలా ఉంటుందంటే: పెర్త్‌షైర్‌లో ఒక పాలేరు కుటుంబం అనుకోండి. పెద్ద పిల్ల పుట్టింది ఎరోల్‌లో, రెండోవాడు ఇంచ్‌చర్‌లో, మూడోది లాంగ్‌ఫోర్గన్‌లో. మూడూ పక్కపక్క పారిష్‌లే. ఎరోల్ రిజిస్టరొక్కటే చూసినవాడు ఆ దంపతులకు ఒక్కతే కూతురనుకుని ఆగిపోతాడు. పిల్లల పుట్టిన చోట్లను వరసగా పెడితే అదే ఆ తండ్రి కొలువుల చిట్టా.

1851 నుంచి 1911 దాకా లెక్కలు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో జరిగాయి, మే మార్పుకు ముందు. అదే ఏడాది జూన్‌లో పుట్టిన బిడ్డ పత్రంలో వేరే పొలం పేరు ఉంటే అది తప్పు కాదు, వేరే కుటుంబమూ కాదు. 1841 లెక్క మాత్రం జూన్ 6 రాత్రి జరిగింది, మార్పు అయ్యాక.

వృత్తి మాటలు కూడా చోటును బట్టి మారతాయి. ఆగ్నేయంలో, లోథియన్‌లలో, సరిహద్దు కౌంటీల్లో పెళ్ళయిన పాలేరు ‘హైండ్’. పొలం మేస్త్రీ ‘గ్రీవ్’. అన్ని పనులూ చేసేవాడు ‘ఆరామన్’. హైండ్ తనతో తెచ్చే ఆడకూలీ ‘బాండేజర్’. ఆమె బంధువు కావచ్చు, కాకపోనూ వచ్చు. ‘పోర్షనర్’ అని ఉంటే కూలీ అనుకోకండి, అతను భూమిలో వాటాదారు. ‘ఫ్యూయర్’ కూడా శాశ్వత హక్కుతో భూమి పట్టుకున్నవాడే.

## 5. పొలం పేరును పటం మీద నిలబెట్టడం

పేరు దొరికాక అది ఎక్కడుందో తేల్చాలి. మిల్టన్, కర్క్‌టన్, మెయిన్స్ వంటి పేర్లు దేశమంతా ఉన్నాయి. మిల్టన్ అంటే మిల్లు దగ్గరి పల్లె, మెయిన్స్ అంటే భూస్వామి సొంత సాగు పొలం. ఈస్టర్, వెస్టర్, నెదర్, ఓవర్ అనే మాటలు ముందుంటే పాత పొలం ముక్కలైందని అర్థం. వెస్టర్ ముక్కలో ఉన్నవాడు, ఈస్టర్ ముక్కలో ఉన్నవాడు అన్నదమ్ములైనా కావచ్చు, ఏ సంబంధమూ లేనివాళ్ళైనా కావచ్చు.

చేయాల్సిన వరస ఇది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ పటాల సైటులో మైలుకు ఆరంగుళాల ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ పటాల సంస్థ) మొదటి ముద్రణ తెరవండి, చూడటం ఉచితం. పొలం కనిపించాక దాని చుట్టూ అయిదు మైళ్ళ మేర వచ్చే పారిష్‌లన్నీ జాబితా రాయండి. మీ వెతుకులాట హద్దు అదే. స్పెల్లింగు తేల్చడానికి అదే సర్వే వాళ్ళ నేమ్ బుక్స్ చూడండి. ఒక్కో పొలం పేరు ఎన్ని రకాలుగా రాసేవారో, ఎవరి ఆస్తో అందులో ఉంటుంది.

1891 తర్వాత పారిష్ హద్దులు చాలా మార్చారు. పొలం కదలకుండానే పారిష్ మారిపోయి ఉండొచ్చు.

## 6. ఇప్పుడు పారిష్ రిజిస్టర్లు

పాత పారిష్ రిజిస్టర్లు 1553 నుంచి 1854 దాకా. 1553 నాటిది ఎరోల్‌ది. అది చూసి అన్ని చోట్లా అంత పాతవి ఉంటాయనుకోవద్దు. పడమటి హైలాండ్స్‌లో, దీవుల్లో చాలా పారిష్‌లకు 1800 తర్వాతే మొదలవుతాయి. ముందు మీ పారిష్ రిజిస్టరు ఏ ఏడాది నుంచి ఉందో, మధ్యలో ఎక్కడ ఖాళీలున్నాయో చూసుకోండి. ఈ పని అయిదు నిమిషాలది. చేయనివాళ్ళు లేని పేజీల్లో నెలల తరబడి వెతుకుతారు.

బాప్తిస్మం పద్దులో సాధారణంగా తండ్రి పేరు, పొలం పేరు, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో, బిడ్డ పేరు, ఇద్దరు సాక్షులు ఉంటారు. కొన్ని పారిష్‌ల గుమస్తాలు తల్లి పేరే రాయలేదు. అప్పుడు సాక్షులే దిక్కు. ఒకే సాక్షి వరసగా ముగ్గురు పిల్లలకు వస్తే ఆయన పినతండ్రో మేనమామో అయ్యుంటాడు. పేజీలో మీ పద్దు ఒక్కటే కాక పైనా కిందా పదేసి పద్దులు చదవండి. అదే పొలంలో ఇంకెవరున్నారో బయటపడుతుంది.

పెళ్ళి కింద రాసింది చాలాసార్లు పెళ్ళి కాదు, చర్చిలో వేసిన ప్రకటన. వరుడిది, వధువుది వేరే పారిష్‌లైతే రెండు చోట్లా రాస్తారు, తేదీలు తేడాగా ఉంటాయి. రెండూ చదవండి, ఒకదాంట్లో లేని పొలం పేరో తండ్రి పేరో రెండోదాంట్లో ఉంటుంది. మొదటి బిడ్డ ఎక్కువగా తల్లి పుట్టింటి పారిష్‌లో పుడుతుంది. ఈ సంగతి మనకు చెప్పక్కరలేదు.

ఖనన పద్దులు చాలా తక్కువ. వాటి బదులు శవం మీద కప్పే బట్టకు చెల్లించిన అద్దె లెక్క ఉంటుంది. పేరు, తేదీ దొరికితే అదే చావు ఆధారం.

తేదీల మీద ఒక మాట. స్కాట్లండ్ కొత్త ఏడాదిని 1600 నుంచే జనవరి 1కి మార్చుకుంది. కాబట్టి ఇంగ్లండ్ రికార్డులకు చేసినట్టు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలకు రెండు ఏళ్ళు వేయాల్సిన పని లేదు.

## 7. పద్దు లేనప్పుడు

పద్దు లేకపోవడానికి కారణాలు కొన్నే. వరసగా కొట్టేయండి.

- పన్ను. 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకు మూడు పెన్నీల సుంకం ఉండేది. బీద కుటుంబాలు చాలా నమోదు మానేశాయి. ఆ పదేళ్ళలో పుట్టిన బిడ్డ దొరకకపోతే ముందూ వెనకా పుట్టిన తోబుట్టువులను వెతకండి. కొందరు పన్ను పోయాక పిల్లలందరినీ ఒకే రోజు రాయించారు, కాబట్టి తర్వాతి ఏళ్ళ పేజీలూ తిప్పండి.
- వేరే చర్చి. 1733 నుంచి చీలిక సంఘాలు మొదలయ్యాయి, 1843లో ఫ్రీ చర్చి పెద్ద చీలిక. వాళ్ళ బాప్తిస్మాలు స్కాట్లండ్స్‌పీపుల్‌లోనే ‘ఇతర చర్చీలు’ కింద విడిగా ఉన్నాయి. కాథలిక్ రిజిస్టర్లు మరో విభాగం. పారిష్ రిజిస్టర్లో కుటుంబం ఒక్కసారిగా మాయమైతే మొదటి అనుమానం ఇదే.
- చర్చి లేని పెళ్ళి. సాక్షుల ముందు ఒకరినొకరు ఒప్పుకుంటే చాలు, ఆ పెళ్ళి 1940 దాకా చట్టబద్ధమే. అలాంటి జంటను సంఘ పెద్దలు పిలిచి మందలించి జరిమానా వేసేవారు.
- పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ. దీనికీ పెద్దల ముందు విచారణ జరిగేది, తండ్రి పేరు అడిగేవారు.

చివరి రెంటికీ చూడాల్సింది కిర్క్ సెషన్ మినిట్లు, అంటే సంఘ పెద్దల సభ పుస్తకాలు. స్కాట్లండ్స్‌పీపుల్‌లో వర్చువల్ వాల్యూమ్స్ కింద పేజీలు ఉచితంగా తిప్పొచ్చు. పేరుతో వెతికే సూచిక లేదు. బిడ్డ పుట్టిన తేదీకి ఆరు నెలల ముందు నుంచి ఏడాది తర్వాత దాకా పేజీలన్నీ చదవాల్సిందే. ఓపిక పడితే అమ్మాయి ఏ పొలంలో పని చేసింది, తండ్రి అని ఎవరిని చూపించింది, అతను ఒప్పుకున్నాడా లేదా అన్నీ దొరుకుతాయి.

## 8. పేర్ల చిక్కు

పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్దకూతురికి తల్లి తల్లి పేరు, రెండోదానికి తండ్రి తల్లి పేరు, మూడోదానికి తల్లి పేరు. మనవడికి తాత పేరు పెట్టుకునే మనకిది వింత కాదు. దారి చూపడానికి ఇది బాగా పనికొస్తుంది, రుజువుగా మాత్రం పనికిరాదు. కొందరు వరస తప్పించారు, కొందరు పాస్టరు పేరో భూస్వామి పేరో పెట్టారు. ఒకే కుటుంబంలో ఒకే పేరు రెండోసారి కనిపిస్తే మొదటి బిడ్డ పోయి ఉండొచ్చు. ఇద్దరు తాతలదీ ఒకే పేరైతే మాత్రం ఇద్దరూ బతికే ఉండొచ్చు.

ఒకే మనిషికి రికార్డుల్లో మారే పేర్లు: జానెట్, జెస్సీ. ఎల్స్‌పెత్, ఎలిజబెత్, బెట్టీ. ఆగ్నెస్, నాన్సీ. క్రిస్టియన్ (ఇది ఆడపేరు), క్రిస్టీనా, కర్‌స్టీ. గ్రిజెల్, గ్రేస్. హైలాండ్స్‌లో డోనల్డ్, డేనియల్. వెతికేటప్పుడు తెలియని అక్షరాల బదులు నక్షత్రం గుర్తు వేయండి. మెక్, మ్యాక్ రెండూ ప్రయత్నించండి. ఇంకా దొరకకపోతే ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి పారిష్, పిల్లవాడి పేరు, ఏడాది మాత్రమే ఇచ్చి చూడండి.

పెళ్ళయినా స్త్రీకి పుట్టింటి ఇంటిపేరు చట్టపరంగా పోదు. సమాధి రాళ్ళ మీద, మరణ సూచికల్లో రెండు పేర్లతోనూ వెతకండి.

## 9. కౌలు రైతు అయితే ఇంకొంచెం

వాల్యుయేషన్ రోల్స్‌లో భూస్వామి, కౌలుదారు, అద్దె ఉంటాయి. సైటులో 1855, 1865, 1875 ఇలా అయిదుతో ముగిసే ఏళ్ళవి ఉన్నాయి. రెండు జనాభా లెక్కల మధ్య ఖాళీ సరిగ్గా నిండుతుంది. పాలేళ్ళ పేర్లు మాత్రం వీటిలో అరుదు.

పద్దెనిమిదో శతాబ్దానికి 1797-98 వ్యవసాయ గుర్రాల పన్ను జాబితా ఉంది. పారిష్ వారీగా పేరు, గుర్రాల సంఖ్య. రిజిస్టరు ఖాళీగా ఉన్న పన్ను రోజులకు దగ్గరగా రావడం వల్ల ఇది చాలా విలువైనది.

పాత పత్రాల్లో ఒక చిన్న మాట పెద్ద తేడా తెస్తుంది. పేరు తర్వాత ‘ఇన్ మిల్టన్’ అని ఉంటే కౌలుదారు. ‘ఆఫ్ మిల్టన్’ అని ఉంటే యజమాని. ఇన్‌ను ఆఫ్‌గా చదివి మా తాతలు భూస్వాములని చెప్పుకున్నవాళ్ళకు కొదవలేదు.

కౌలు ఒప్పందాలు ఎక్కువగా 19 ఏళ్ళవి. అవి, కౌలు చిట్టాలు భూస్వామి ఎస్టేటు కాగితాల్లో ఉంటాయి, అందులో చాలా భాగం ఎడిన్‌బరోలోని నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లండ్‌లో ఉంది. వాల్యుయేషన్ రోల్‌లో భూస్వామి పేరు చూసి, ఆ కుటుంబం పేరుతో కేటలాగులో వెతకండి. 1707కు ముందు పౌండ్లు కనిపిస్తే అవి స్కాట్స్ పౌండ్లు, ఇంగ్లిష్ పౌండులో పన్నెండో వంతు. స్కాట్స్ ఎకరం మామూలు ఎకరానికి సుమారు ఒకటింపావు.

## 10. లెక్కల మధ్య మాయమైనవాళ్ళు

1861లో ఉండి 1871లో లేడంటే ముందు మరణ సూచిక, తర్వాత పక్క కౌంటీ, తర్వాత ఇంగ్లండ్ లెక్కలు, ఆ తర్వాతే విదేశం. పొలం ఇళ్ళ చిన్న కొడుకులు సైన్యంలో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చారు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాసు బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు విడి వరసగా ఉన్నాయి. విశాఖపట్నం, మచిలీపట్నం వైపు ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వారు ఎదురు దిక్కు నుంచి, అంటే ఇక్కడి పెళ్ళి పద్దులో ఉన్న తండ్రి పేరు నుంచి మొదలుపెట్టాలి. స్కాట్లండ్‌లో పారిష్ తెలియకుండా ఆ పేరుతో అక్కడ వెతకడం గడ్డివాములో సూదే. సైనికుడి చేరిక కాగితంలో పుట్టిన పారిష్ ఉంటుంది, ముందు అది సంపాదించండి.

ఎడిన్‌బరో వెళ్ళే వీలుంటే స్కాట్లండ్స్‌పీపుల్ సెంటరులో ఒక రోజు పాసు తీసుకుంటే క్రెడిట్ల లెక్క లేకుండా బొమ్మలు చూడొచ్చు. ఇంటి నుంచి తెరవని ఇటీవలి పత్రాలు కూడా అక్కడ కనిపిస్తాయి. సీటు ముందే బుక్ చేసుకోండి. వెళ్ళేటప్పుడు తోబుట్టువుల మరణ పత్రాల జాబితా, అయిదు మైళ్ళ పారిష్‌ల జాబితా ముందుగా రాసుకుని వెళ్ళండి, అక్కడ కూర్చుని ఆలోచించే సమయం ఉండదు.